ఆరు నుంచి పదికి: ఒక బ్యాచ్ ఎంత ఎదిగిందో లెక్క కట్టడం ఎలా?

సుద్దముక్క:
2021-22లో మా జెడ్పీ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరిన బ్యాచ్ ఇప్పుడు పదిలో ఉంది. ఐదేళ్ల ప్రగతిని వార్షికోత్సవంలో తల్లిదండ్రుల ముందు పెట్టాలి. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), ఎస్ఏ (పెద్ద పరీక్షలు) మార్కులు, హాజరు, ఎన్ఎంఎంఎస్ (ఎనిమిదిలో రాసే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష) ఫలితాలు ఉన్నాయి. ఆరులో తరగతి సగటు 46, పదిలో ప్రీఫైనల్లో 58. 12 మార్కులు పెరిగాయని చెప్పొచ్చా?

లెక్కలపలక:
చెప్పకండి సార్. ఆ రెండు సగటులూ ఒకే పిల్లలవి కావు. ఆరులో 40 మంది ఉన్నారనుకుందాం. మొత్తం 1840. వాళ్లలో సగటు 31 ఉన్న పదిమంది మధ్యలో వెళ్లిపోతే, మిగిలిన 30 మంది ఆరో తరగతి సగటు 51 అవుతుంది. అంటే ఎవరికీ ఒక్క మార్కు పెరగకుండానే 5 పెరిగింది! ఆ 30 మంది పదిలో సగటున 56 తెచ్చుకున్నారనుకుందాం. సగటు 70 ఉన్న ఐదుగురు కొత్తగా చేరారు. అప్పుడు 35 మంది సగటు 58. ఈ లెక్కన మీ 12లో అసలు ఎదుగుదల 5 మాత్రమే. 5 వెళ్లినవాళ్ల వల్ల, 2 వచ్చినవాళ్ల వల్ల.

కాబట్టి ఆరులోనూ పదిలోనూ ఉన్న పిల్లల పేర్లు అడ్మిషన్ నంబరు వరుసలో విడిగా రాసి, వాళ్ల సగటే తీయండి. వెళ్లినవాళ్ల సంఖ్య కూడా పక్కనే చూపాలి. టీసీ తీసుకుని వేరే బడిలో చేరినవాళ్లు వేరు, చదువే మానేసినవాళ్లు వేరు. యూడైస్‌లో (బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పిల్లల పెన్ నంబరు (ఒక్కొక్కరికీ ఇచ్చే శాశ్వత సంఖ్య) కొట్టి చూడండి. ఎక్కడా చేర్చుకోని పిల్లలు అందులోని డ్రాప్‌బాక్స్ జాబితాలోనే కనిపిస్తారు.

పల్లెబడి:
ఆ 5 కూడా గట్టి లెక్కేం కాదు. ఆరో తరగతి పేపరు, పదో తరగతి పేపరు ఒకే తూకపు రాళ్లు కావు. పైగా ఈ బ్యాచ్‌కు ఐదో తరగతి 2020-21లో చాలావరకు ఇంట్లోనే గడిచింది. ఆరులో తక్కువగా మొదలైన దాంట్లో కొంత బళ్లు తెరిచాక తనంతట తానే పూడింది. ఆ ఘనతంతా మన ఖాతాలో వేసుకోవడం బాగోదు.

ఆరులో చేరిన వారంలోనే పది ప్రశ్నల పరీక్ష పెట్టి పేపర్లు దాచుకోవాలి: పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం, రెండు భిన్నాల కూడిక, ఒక పేరా తెలుగు, ఒక పేరా ఇంగ్లీషు చదవడం, అలాంటివి. అవే ప్రశ్నలు అంకెలు మార్చి ఎనిమిదిలో, పదిలో పెట్టాలి. చదివించేటప్పుడు పాఠ్యపుస్తకంలోని పేరా వద్దు, పిల్లలు కంఠస్థం చేసి ఉంటారు.

సుద్దముక్క:
ఆరులో అలాంటి పరీక్ష పెట్టలేదు. ఇప్పుడేం దారి?

పల్లెబడి:
ఆరో తరగతి ఎఫ్ఏ-1లో అడుగున ఉన్న పదిమంది పేర్లు తీయండి. ఇప్పుడు వాళ్లలో ఎందరు ప్రతి సబ్జెక్టులో 35 దాటుతున్నారు, లెక్కల్లో ఎందరు ఆగిపోతున్నారు? తల్లిదండ్రులకు సగటు కన్నా ఇదే బాగా అర్థమవుతుంది. ఎఫ్ఏలో స్లిప్ టెస్టు (రాతపరీక్ష) మార్కులే తీసుకోండి. ప్రాజెక్టు మార్కులు అందరికీ ఇంచుమించు ఒకేలా పడతాయి కాబట్టి తేడా తెలియదు.

దస్త్రం:
ఎన్ఎంఎంఎస్ గురించి ఒక మాట. "ముగ్గురు ఎంపికయ్యారు" అని ఊరుకోకండి. ఎనిమిదిలో ఎందరు రాశారు, శ్యాట్ (సబ్జెక్టుల పేపరు), మ్యాట్ (తెలివితేటల పేపరు) రెండూ కలిపి ఎందరు అర్హత మార్కు దాటారు అన్నవీ చెప్పండి. ఇంకా ముఖ్యం, డబ్బు పడుతోందా? ఏడాదికి ₹12,000, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు నాలుగేళ్లు. తొమ్మిదిలో ఎన్ఎస్పీలో (జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్) కొత్త దరఖాస్తు, ఆ తర్వాత ఏటా రెన్యువల్. ఆధార్, బ్యాంకు, బడి రికార్డుల్లో పేరు అక్షరం తేడా ఉన్నా, ఖాతాకు ఆధార్ సీడింగ్ లేకున్నా డబ్బు ఆగుతుంది. ప్రైవేటు బడికి మారితే స్కాలర్‌షిప్ పోతుంది. పది తర్వాత కొనసాగాలంటే 60 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. ఇంటర్లో చేరిన ఏడాదే రెన్యువల్ ఎక్కువగా జారిపోతుంది; బడి చేయి దాటింది, కాలేజీకి తెలియదు. టీసీతో పాటు అప్లికేషన్ ఐడీ కాగితం మీద రాసి ఇవ్వండి.

లెక్కలపలక:
గోడ మీద పెట్టే పట్టికలో పేర్లు వద్దు. అడుగు పదిమంది ఎవరో ఊళ్లో తెలిసిపోతే పిల్లలు ఆ రోజు బడికే రారు. సంఖ్యలు చాలు, పేర్ల పట్టిక హెచ్ఎం బీరువాలో ఉండనివ్వండి.