మారిషస్‌: చెరకు పిప్పి ఉండగా బొగ్గు ఎందుకు మానలేకపోతున్నారు?

ప్రశ్న (తీరంగాలి):
మారిషస్‌లో 2030 నాటికి కరెంటులో 60 శాతం పునరుత్పాదక వనరుల నుంచే రావాలని, బొగ్గు పూర్తిగా మానేయాలని అక్కడి ప్రభుత్వం 2021లో ప్రకటించింది. చక్కెర మిల్లుల పక్కనే పిప్పి మండించే పవర్ ప్లాంట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఎండకూ కొదవ లేదు. మరి చిక్కు ఎక్కడ? సోలార్‌తోనే బొగ్గు లోటు తీరదా?

బాయిలర్‌గది:
చిక్కంతా క్యాలెండర్‌లో ఉందండీ. అక్కడ చెరకు గానుగ జూన్ నుంచి డిసెంబర్ దాకా. కరెంటు వాడకం తారస్థాయికి చేరేది వేసవిలో, అంటే (దక్షిణార్ధగోళం కదా) జనవరి, ఫిబ్రవరిల్లో. సరిగ్గా అప్పుడే మిల్లులు మూతపడి ఉంటాయి. బెల్ వ్యూ లాంటి ప్లాంట్లలో ఒకే బాయిలర్ సీజన్‌లో పిప్పి, మిగతా నెలల్లో బొగ్గు తింటుంది.

పిప్పి దాచుకోవచ్చు కదా అంటారేమో. మిల్లు నుంచి వచ్చే పిప్పిలో సగం నీరే. కిలోకు దాదాపు 7.6 మెగాజౌల్స్ వేడి వస్తుంది, బొగ్గుకైతే 25. అంటే టన్ను బొగ్గు పని చేయాలంటే 3.3 టన్నుల పిప్పి కావాలి. అది వదులుగా 22 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది, బొగ్గుకు 1.2 చాలు. పైగా కుప్పలో పులిసి లోపల వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది.

పిప్పిలో తేమ 50 శాతం నుంచి 55కి పెరిగితే కిలోకు వచ్చే వేడి 6.6 మెగాజౌల్స్‌కు పడిపోతుంది. వానలో కోసిన చెరకు వచ్చినా, చివరి మిల్లు రోలర్ల పట్టు తగ్గినా ఫర్నేస్ చల్లబడి స్టీమ్ ప్రెషర్ జారిపోతుంది. ఆపరేటర్ చేయి అప్పుడు బొగ్గు ఫీడర్ మీదికే వెళ్తుంది.

అసలు చెరకే తగ్గింది. 25 లక్షల టన్నుల పంట అనుకుని, టన్నుకు 110 యూనిట్లు గ్రిడ్‌కు పంపినా 27.5 కోట్ల యూనిట్లు. దేశం మొత్తం ఉత్పత్తి 300 కోట్లకు పైమాటే. చెరకు ఎండాకు కూడా మండిద్దామంటే దానిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. బూడిద కరిగి సూపర్ హీటర్ (ఆవిరిని ఇంకా వేడెక్కించే భాగం) ట్యూబులకు గట్టిగా పట్టేస్తుంది, తర్వాత ఆ ట్యూబులనే తినేస్తుంది. కొద్దిగా కలపడం వరకే మేలు.

యాభైహెర్ట్జ్:
సోలార్ లెక్క నేను చెప్తాను. బొగ్గు స్థానంలో ఏటా 100 కోట్ల యూనిట్లు కావాలనుకుందాం. అక్కడ ఒక మెగావాట్ ప్యానెళ్లు ఏడాదికి దాదాపు 15 లక్షల యూనిట్లు ఇస్తాయి. కాబట్టి 670 మెగావాట్లు పెట్టాలి. దేశం మొత్తం పీక్ లోడ్ (ఒకేసారి పడే గరిష్ఠ వాడకం) 500 మెగావాట్ల ప్రాంతంలో ఉంటుంది! మిట్టమధ్యాహ్నం మిగిలిపోతుంది, పొద్దుగూకాక చాలదు. చీకటి పడ్డాక అయిదు గంటలు 100 మెగావాట్లు అందించాలంటే, బ్యాటరీ నష్టాలు కలుపుకుని దాదాపు 570 మెగావాట్ అవర్ల ఛార్జింగ్ పగలే జరగాలి. స్థలం సమస్య కాదు, సాగు మానేసిన చెరకు భూములున్నాయి.

జనం పట్టించుకోనిది ఫ్రీక్వెన్సీ, గ్రిడ్‌లో అది 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి. మరో దేశం నుంచి లైన్ లేదు. మొత్తం 400 మెగావాట్ల జనరేటర్ సెట్లు తిరుగుతుండగా, ఇనర్షియా (తిరిగే బరువులో నిలవున్న శక్తి) నాలుగు సెకన్లకు సరిపడా అనుకుంటే, 35 మెగావాట్ల సెట్టు ఒకటి ట్రిప్ అయి ఆగిపోగానే ఫ్రీక్వెన్సీ సెకనుకు 0.55 హెర్ట్జ్ చొప్పున పడుతుంది. తిరిగే సెట్లు సగమైతే 1.1. ఒక్క సెకనులో 49 కిందికి! మిగతా సెట్ల గవర్నర్లు (వేగాన్ని సరిచేసే పరికరాలు) అందుకునేలోపే ఊళ్లకు కరెంటిచ్చే ఫీడర్ లైన్లు కట్ అవుతాయి. అందుకే గ్రిడ్ బ్యాటరీని మొదట సాయంత్రం కరెంటు కోసం కాదు, ఈ తొలి సెకను కోసం కొనాలి. సెట్టింగ్ తప్పుగా పెడితే మాత్రం మబ్బు కదిలిన ప్రతిసారీ ఊగిసలాడి సెల్స్ అరిగిపోతాయి.

తీరంగాలి:
పక్కనే ఉన్న రీయూనియన్‌లో బోవా రూజ్ ప్లాంటు బొగ్గు మానేసి వుడ్ పెల్లెట్లకు (చెక్కపొడిని నొక్కి చేసిన గుళికలకు) మారింది కదా. మారిషస్ అదే చేస్తే?

బాయిలర్‌గది:
చేయొచ్చు, చవక మాత్రం కాదు. అదే 100 కోట్ల యూనిట్లకు, 28 శాతం ఎఫిషియెన్సీతో, ఏటా దాదాపు 7.5 లక్షల టన్నుల పెల్లెట్లు ఓడల్లో తేవాలి. బొగ్గయితే 5 లక్షలు చాలేది. బొగ్గులా ఆరుబయట పోస్తే వానకు తడిసి రంపపు పొట్టు అయిపోతాయి. కప్పున్న సైలోలు (నిల్వ గోపురాలు), దుమ్ము పేలకుండా ఏర్పాట్లు కావాలి. ఓడ గిడ్డంగిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, గ్యాస్ పరీక్షించకుండా మనిషిని దించకూడదు. గ్రేట్ (ఇంధనం పరిచి కాల్చే ఇనుప జల్లెడ) ఉన్న బాయిలర్లకు నా ఓటు చెక్క ముక్కలకే. అవి గ్రేట్ మీద నిలబడి కాలతాయి, పెల్లెట్లు పొడై గాల్లోకి లేస్తాయి. ఏదైనా దిగుమతి సరుకే, స్వావలంబన అనుకోకండి.

యాభైహెర్ట్జ్:
తుఫాన్లు కూడా చూడాలి, అవీ జనవరి నుంచి మార్చి లోపే ఎక్కువ. మారిషస్‌కే చెందిన రొడ్రీగ్స్ దీవిలో పెట్టిన విండ్ టర్బైన్లు కొన్నింటిని టవర్‌తో సహా నేల మీదికి పడుకోబెట్టవచ్చు, అక్కడికి అదే సరైన రకం. సోలార్‌లో ప్యానెల్ కన్నా ముందు ఊడేది దాన్ని పట్టి ఉంచే అంచు క్లాంప్. ఒకటి వదులైతే ప్యానెల్ లేచి వరసంతా లాక్కుపోతుంది. నవంబర్‌లోనే టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) ప్రతి బోల్టూ చూడాలి, కుదిరితే క్లాంప్ బదులు ఫ్రేమ్ రంధ్రాల్లోంచి నేరుగా బోల్టు వేయించాలి.