పరాసు తాతా, ఫరాసు తాతా?

తాళ్లరేవు మనవరాలు: మా అమ్మమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపుతూ పాడేది, “పరాసు తాత పందిరి వేసె, పడవల మీదా పెళ్లోరొచ్చె” అని. తర్వాతి చరణం ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. ఆ తాత యానాంలో ఉన్న ఫ్రెంచాయన, మనది ఆ వంశమే అని మా ఇంట్లో అందరూ అంటారు. వంశవృక్షం రాస్తూ ఐదో తరం దగ్గర ఆగిపోయాను. మిగతా పాట ఎవరికైనా వచ్చా?

పాతమాట: పాట తెలీదు కానీ, అమ్మమ్మగారు ‘ప’ అన్నారా ‘ఫ’ అన్నారా? పరాసులంటే ఫ్రెంచివాళ్లు, బొబ్బిలి కథ విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ పారశీ ‘ఫర్రాష్’ మన నోట ఫరాసు అవుతుంది, తివాచీలు పరిచి డేరాలు వేసే నౌకరు. మరి పందిరి వేసింది ఎవరంటారు?

గౌతమి గట్టు: వేశాడంటే వేయించాడని. ‘మా నాన్న ఇల్లు కట్టాడు’ అంటే తాపీ పట్టుకున్నాడనా? పైగా పరాసు, పందిరి, పడవ, అన్నీ ‘ప’ మీదే నడుస్తున్నాయి.

పాతమాట: ప ఫ బ భలకి యతి చెల్లుతుంది కదండీ, దాంతో ఏదీ తేలదు.

యానాం ఆడపడుచు: పడవల్ని వదిలేశారు మీరు! 1930లో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చేయాలంటే యానాం రావడమే, అప్పటికది ఫ్రెంచి గడ్డ, అక్కడ ఆ చట్టం చెల్లదు కాబట్టి. యానాంకి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. మా నాయనమ్మని ఎనిమిదేళ్లప్పుడు ఎదుర్లంక రేవులో పడవెక్కించి తెచ్చారు, ఒళ్లో నిద్రపోతుంటే లేపి తాళి కట్టించారట. పరాసు తాత మనిషి కాదనిపిస్తోంది నాకు, పందిట్లో చోటిచ్చిన పరాసు ప్రభుత్వమే తాత.

పద్యప్రియ: యానాం అనగానే తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వారే గుర్తొస్తారు నాకు, చిన్నతనంలో ఆయన అక్కడ ఉన్నారు కదా. మీసాల పద్యంలో తెలుగు, సంస్కృతాలను తలచి ‘రెండు బాసలకు’ అన్నారు గానీ, ఆ వీధుల్లో తిరిగిన పిల్లాడి చెవిన మూడో బాస ఫ్రెంచి కూడా పడే ఉంటుంది. ఆయన వచనం చదువుతుంటే ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది నాకు.

గౌతమి గట్టు: పద్యమే ఆయన బలమండీ, వచనం తర్వాత.

కోరంగి: అమ్మా, పాట సంగతి ఎలా ఉన్నా రిజిస్టర్లు చూడండి. ఫ్రాన్స్‌లో ఎక్సాన్‌ప్రొవాన్స్‌లోని ఆర్కైవ్స్‌వాళ్లు యానాం జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. వెతికేటప్పుడు ‘ఊ’ అన్నచోట ఓ, యూ రెండక్షరాలూ కొట్టాలి, మా సుబ్బమ్మ అలాగే దొరికింది. ఫ్రెంచి ఇంటిపేరు కనబడినా వెంటనే దొర రక్తం అనుకోకండి. 1881 నాటి ఫ్రెంచి ప్రభుత్వ ఆదేశంతో మనవాళ్లు కూడా ఫ్రెంచి పౌరచట్టం కిందికి వెళ్లి కొత్త ఇంటిపేర్లు పెట్టుకునే వీలుండేది, పుదుచ్చేరిలో చాలామంది అలా మారారు.

తాళ్లరేవు మనవరాలు: ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. తను ‘పరాసు తోట’ అని పాడుతోంది! తోట పందిరి వేయడమేంటి?

పాతమాట: తోట ఇంటిపేరేమో! అమ్మమ్మగారి పుట్టింటివారు ఎవరు?