వందకు పైగా సినిమాలు తీసిన చెతిన్ ఇనాంచ్: దర్శకుడా, కాపీ మాస్టరా?

సెకండ్‌షో సుబ్బు:
టర్కీ సినిమా మాట వచ్చిన ప్రతిసారీ ఇక్కడ ఎవరో ఒకరు చెతిన్ ఇనాంచ్ పేరెత్తి "అబ్బో, జెట్ వేగంతో సినిమాలు తీసే జెట్ డైరెక్టర్" అని మురిసిపోతున్నారు. ఈ సంగతేదో తేల్చుకుందాం. తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు: మనిషి 1941లో అంకారాలో పుట్టాడు. ఆతిఫ్ యిల్మాజ్ అంతటి దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేశాడు. 1967లో ఒక ఇటాలియన్ కామిక్ హీరోని పట్టుకుని 'చెలిక్ బిలెక్' తీశాడు, అదే మొదటి సినిమా. మరుసటి ఏడాది అమెరికా కామిక్స్‌లోని ఫాంటమ్‌ని తెచ్చి 'కిజిల్ మాస్కే' అన్నాడు. అలా లెక్క వంద దాటింది.

ఇక 1982లో వచ్చింది 'దున్యాయి కుర్తారన్ ఆదమ్', అంటే 'లోకాన్ని కాపాడిన మనిషి'. బయటి దేశాలవాళ్లు 'టర్కిష్ స్టార్ వార్స్' అనేది దీన్నే. ఇందులో అంతరిక్ష యుద్ధం షాట్లు స్టార్ వార్స్ లాంటివి కావు, స్టార్ వార్స్‌వే. హీరో జునెయ్త్ ఆర్కిన్ హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే వెనక తెర మీద జార్జ్ లూకాస్ తీసిన ఫుటేజ్ ఆడుతూ ఉంటుంది. ఫైట్ వచ్చిందంటే 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' మ్యూజిక్ మోగుతుంది. కథ ఎత్తుకోవడం అంటే సరే, ఎవరు ఎత్తలేదు కనక. పక్కవాడి రీలు కోసి మన రీల్లో అతికించుకుంటే దాన్ని దర్శకత్వం అనరు. నా ఓటు: కాపీ మాస్టరే.

కత్తెర:
సుబ్బు గారూ, తీర్పు ఇచ్చేముందు ఆ ఫ్యాక్టరీ ఎలా నడిచేదో చూడండి. ఇస్తాంబుల్‌లో బెయోలు దగ్గర యెషిల్‌చామ్ అని ఒక వీధి. నిర్మాతల ఆఫీసులన్నీ అక్కడే ఉండడంతో మొత్తం పరిశ్రమకే ఆ పేరు స్థిరపడిపోయింది. 1972లో ఒక్క ఏడాదే 300 దాకా సినిమాలు తీశారు. నిర్మాత చేతిలో డబ్బుండేది కాదు. మనకి నైజాం, సీడెడ్, ఆంధ్రా బయ్యర్లు ఉన్నట్టే వాళ్లకి అదానా, ఇజ్మీర్, సామ్‌సున్, అంకారా ఏరియాల డిస్ట్రిబ్యూటర్లు. ఫలానా హీరో కావాలి, ఇన్ని ఫైట్లు కావాలి అని ముందే చెప్పి అడ్వాన్సుగా ప్రామిసరీ నోట్లు రాసిచ్చేవాళ్లు. నిర్మాత వాటిని వడ్డీ వ్యాపారి దగ్గర తక్కువకి మార్చుకుని షూటింగ్ మొదలుపెట్టేవాడు. వడ్డీ పరిగెడుతుంటే దర్శకుడు నడిస్తే కుదురుతుందా?

ఆపైన ముడి ఫిల్మ్ దిగుమతి సరుకు. ఎప్పుడూ కొరతే. రెండో టేక్ అంటే నిర్మాతకి టెన్షన్. సౌండ్ రికార్డింగ్ లేదు, సెట్లో ఒకడు పక్కన నిలబడి డైలాగులు అందిస్తుంటే నటులు పెదాలు కదిపేవాళ్లు, స్టూడియోలో వేరేవాళ్లు డబ్బింగ్ చెప్పేవాళ్లు. ఆప్టికల్ ఎఫెక్టుల సంగతి అడగకండి. నేను కొన్నాళ్లు మూవియోలా (ఫిల్మ్ ఎడిటింగ్ యంత్రం) ముందు కూర్చున్నవాణ్ణి. అంత తక్కువ ఫిల్మ్ ఇచ్చి గంటన్నర సినిమా కట్ చేయమంటే ఏమవుతుందో తెలుసు. ఇనాంచ్ సినిమాల్లో కటింగ్ అంత వేగంగా ఎందుకుంటుంది? సగం షాట్లు పూర్తిగా లేవు కాబట్టి. లేని షాట్‌ని ఉన్నట్టు నమ్మించాడు. అది దర్శకుడి పని కాకపోతే మరెవరిది?

గోళీసోడా:
ట్రాంపోలిన్ మీద ఎగిరి బొచ్చు రాక్షసుల్ని తన్నే సీన్ చూశాక నాకు ఈ చర్చతో పని లేదు. మాస్.

సెకండ్‌షో సుబ్బు:
కత్తెర అన్నా, మీరు చెప్పిందంతా ఆతిఫ్ యిల్మాజ్‌కీ వర్తిస్తుంది కదా. అదే వీధి, అవే నోట్లు, అదే ఫిల్మ్ కొరత. ఆయనా వందకు పైగానే తీశాడు. 1951లో మొదలుపెట్టి 2006లో పోయేదాకా దాదాపు ఆగింది లేదు. అందులో పనికిరానివీ బోలెడు. కానీ కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్మాతోవ్ కథ తీసుకుని 'సెల్వి బోయ్‌లుమ్ అల్ యాజ్మాలిమ్' కూడా తీశాడు. ప్రేమించిన లారీ డ్రైవరా, బిడ్డని పెంచిన మనిషా అని ఆ అమ్మాయి తేల్చుకునే చివరి సీన్ టర్కీలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. 80లలో వయసు మీద పడ్డాక ఆడవాళ్ల జీవితాల మీద 'ఆది వస్ఫియే' లాంటివి తీసి కొత్త దారి పట్టాడు. గురువుకి తీరిక దొరికింది, శిష్యుడికి దొరకలేదా? ఫ్యాక్టరీ మీద నెట్టేస్తే ఎలా.

లామకాన్ లత:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. మెతిన్ ఎర్క్‌సాన్ 'సుసుజ్ యాజ్' సినిమాకి 1964లో బెర్లిన్ ఫిలిం ఫెస్టివల్‌లో మొదటి బహుమతి గోల్డెన్ బేర్ వచ్చింది. ఊళ్లో నీళ్ల తగాదా మీద తీసిన సినిమా, టర్కీకి దొరికిన మొదటి పెద్ద అంతర్జాతీయ గౌరవాల్లో ఒకటి. అదే ఎర్క్‌సాన్ పదేళ్ల తర్వాత 'షెయ్‌తాన్' తీశాడు. 'ది ఎక్సార్సిస్ట్'ని దాదాపు సీను తర్వాత సీనుగా, చర్చి పాదిరీ బదులు ఇస్లాం పద్ధతులు పెట్టి. మరి ఆయన్ని ఏమందాం? గోల్డెన్ బేర్ ఉన్న కాపీ మాస్టరా?

యిల్మాజ్ గునెయ్ కూడా 60లలో చవకరకం యాక్షన్ సినిమాల్లో తుపాకీ పట్టుకుని తిరిగిన హీరోనే. జైల్లో ఉండి స్క్రిప్టు రాసిస్తే షెరీఫ్ గోరెన్ 'యోల్' షూట్ చేశాడు. దానికి 1982లో కాన్ ఫిలిం ఫెస్టివల్‌లో మొదటి బహుమతి పామ్ డోర్ వచ్చింది. టర్కీలో మాత్రం 1999 దాకా నిషేధం. ఇనాంచ్ గారి అంతరిక్ష యుద్ధం వచ్చిందీ ఆ 1982లోనే. సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి రెండేళ్లు, సైనిక పాలన నడుస్తోంది. గొంతెత్తిన సినిమాకి ఆ దేశంలో థియేటర్ లేదు, రాళ్లని పిడికిలితో పగలగొట్టే హీరోకి ఉంది. సుబ్బు గారు అడిగిన తీరిక ఎవరికి, ఎప్పుడు, దేనికి దొరికిందో ఇక్కడ ఉంది.

ఇంకో మాట. 70ల మధ్యలో ఇళ్లల్లోకి టీవీ వచ్చింది, వీధుల్లో కాల్పులు పెరిగాయి, కుటుంబాలు హాళ్లకి రావడం మానేశాయి. అప్పుడు యెషిల్‌చామ్ బూతు కామెడీల మీద పడింది. ఇనాంచ్ అవీ తీశాడు. ఆయన్ని ఆకాశానికెత్తేవాళ్లు ఆ సినిమాల్ని దాటేస్తారు. ఆ సినిమాల్లో చేసిన అమ్మాయిలు తర్వాత ఎలాంటి మాటలు పడ్డారో ఎవరూ అడగరు. స్టార్ వార్స్ ఫుటేజ్ దొంగతనం కంటే నాకు అది పెద్ద ప్రశ్న.

బెర్లిన్ బాబాయ్:
లత గారి చివరి పేరాకి దండం.

ఇక్కడి సంగతి ఒకటి. 1961 ఒప్పందంతో టర్కీ నుంచి జర్మనీకి కూలీలు వచ్చారు. 80లలో వాళ్ల ఇళ్లలోకి వీడియో వచ్చాక టర్కిష్ సినిమా క్యాసెట్లకి ఇక్కడ గిరాకీ బాగా పెరిగింది. 'వహ్‌షీ కాన్', రాకీని తలపించే 'కారా షిమ్‌షెక్' లాంటి ఇనాంచ్ సినిమాల్ని అలా చూసి పెరిగినవాళ్లు నా పక్క టేబుళ్లలో పనిచేస్తున్నారు. వాళ్లు చూసింది కాపీ కాదు. తమ భాష మాట్లాడే వీరుణ్ణి చూశారు. ఆర్కిన్ అంటే ఈరోజుకీ లేచి నిలబడతారు. ఆయన డాక్టరీ చదివి హీరో అయినవాడు, 'దున్యాయి' కథ రాసిందీ ఆయనే, 2022 జూన్‌లో పోయాడు. నాకు ఒళ్లు మండేది వేరే. అమెరికావాళ్లు 'ప్రపంచంలో అతి చెత్త సినిమా' అని బిరుదిచ్చి, బీరు తాగుతూ నవ్వుకోవడానికి దీన్ని వేస్తారు. ఆ నవ్వునే మనవాళ్లూ అరువు తెచ్చుకుని ఇక్కడ పోస్టులు పెడుతున్నారు. 'మోసగాళ్లకు మోసగాడు'లో హాలీవుడ్ కౌబాయ్ సినిమాల పోలికలు ఎన్ని లేవు? కె.ఎస్.ఆర్. దాస్ గారిని మనం అలా నవ్వుతామా?

సెకండ్‌షో సుబ్బు:
బాబాయ్, దాస్ గారు గుర్రాలు తెచ్చి, ఎడారికి వెళ్లి, కృష్ణ గారితో మళ్లీ తీశారు. ఇటలీ కౌబాయ్ సినిమాల దర్శకుడు సెర్జియో లియోనీ నెగెటివ్ కోసుకోలేదు. నేను గీత గీసింది అక్కడే, ఎర్క్‌సాన్ గీతకి ఇవతలే ఉన్నాడు. టర్కీలో కాపీరైట్ చట్టం 1951 నుంచీ ఉంది, ఎవరూ పట్టించుకోలేదంతే. బూతు సినిమాల మీద లత గారు అన్నది ఒప్పుకుంటున్నా, దాంతో నా ఓటు మారదు, బలపడుతుంది.

కత్తెర:
గీత బాగానే ఉంది. కానీ అతికించింది ఎంతసేపు? కొన్ని నిమిషాలు. మిగతాదంతా టర్కీలోని కప్పదోకియా రాతి గుహల మధ్య ఎండలో తీసిందే. బంగారు కత్తిని కరిగించి చేతి తొడుగులు చేసుకోవడం ఏ హాలీవుడ్ సినిమాలోనూ లేదు. మీరు చూసింది అరిగిపోయిన వీడియో క్యాసెట్ కాపీ అయి ఉంటుంది. 2016లో 35 ఎం.ఎం. ప్రింట్ ఒకటి బయటపడింది, దాన్ని స్కాన్ చేశారు. అందులో ఆ గుహల షాట్లు చూసి రండి, ఫ్రేమింగ్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

గోళీసోడా:
ఆ ప్రింట్‌లో రాక్షసుల బొచ్చు కూడా క్లియర్‌గా కనిపిస్తుందా అన్నా?