వివేకానంద స్వామి సంస్థను ఎలా నడిపారు? సూక్తులు కాక, ఆయన చేసిన పనుల గురించి చెప్పగలరా?

కృష్ణాతీరం (ప్రశ్న)

సభ్యులకు నమస్కారం. మా ప్రాంతంలో చాలాకాలంగా ఒక పాఠశాలను, వైద్య శిబిరాలను నడుపుతున్న చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను కార్యవర్గ సభ్యుణ్ణి. మా వ్యవస్థాపకులకు ఎనభై ఏళ్ళు దాటాయి. చెక్కు మీద సంతకం మొదలు వంటమనిషి నియామకం వరకు నేటికీ అన్నీ వారి చేతి మీదుగానే జరుగుతాయి. వారి నిజాయితీని శంకించేవారు ఊళ్ళో ఒక్కరూ లేరు, కానీ వారి తరువాత ఏమిటన్న ప్రశ్నను ఎదుట అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు. వారు వివేకానంద స్వామికి పరమ భక్తులు. వచ్చే సర్వసభ్య సమావేశంలో స్వామి జీవితం నుండి నాయకత్వ పాఠాలు అనే విషయంపై మాట్లాడమని నన్ను ఆదేశించారు.

ఈ విషయంపై నేను విన్న ఉపన్యాసాలన్నీ లేవండి, మేల్కొనండి అని మొదలై, చికాగో సభలో చప్పట్ల దగ్గర ముగిశాయి. ఉత్సాహం కలిగించడం వేరు, సంస్థను నడపడం వేరు. సొమ్ము, నియమావళి, మనుషుల మధ్య అభిప్రాయభేదాలు, అధికార మార్పిడి వంటి విషయాలలో స్వామి స్వయంగా ఏం చేశారో తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

---

ఉత్తరాంధ్ర పాఠకుడు

మీ ప్రశ్నలోని చివరి అంశమైన అధికార మార్పిడితోనే మొదలుపెడతాను, ఎందుకంటే నా దృష్టిలో స్వామి కార్యదక్షతకు అసలు నిదర్శనం అక్కడే ఉంది.

1897 మే 1న కలకత్తా బాగ్‌బజారులోని బలరామ బోసు ఇంట్లో సన్యాసులను, గృహస్థ భక్తులను సమావేశపరచి స్వామి రామకృష్ణ మిషన్‌కు శ్రీకారం చుట్టారు. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్ళు, పాశ్చాత్య దేశాల నుండి తిరిగివచ్చి నాలుగు నెలలైనా నిండలేదు, దేశమంతటా ఆయన పేరు మారుమోగుతోంది. ఆ స్థితిలో ఉన్న మనిషి సంస్థను తన పేరు చుట్టూ కట్టుకోవడం చాలా సులభం. ఆయన సంస్థకు గురువు పేరు పెట్టి, కలకత్తా కేంద్రం అధ్యక్షత తనలాగే రామకృష్ణుల శిష్యుడైన సోదర సన్యాసి బ్రహ్మానంద స్వామికి అప్పగించి, దైనందిన వ్యవహారాలలో తాను లేకపోయినా పని ఆగని ఏర్పాటు చేశారు. 1898లో బేలూరు దగ్గర గంగ ఒడ్డున కొన్న స్థలానికి సొమ్ము ఇచ్చినవారిలో ముఖ్యులు హెన్రియెట్టా ముల్లర్. ఆ తరువాతి నిర్వహణకు సారా బుల్ సహాయం అందింది. ఇద్దరూ స్వామిని చూసి ఇచ్చినవారే. దాతల నమ్మకం ఒక వ్యక్తి మీద ఉన్నప్పుడు ఆస్తి కూడా ఆ వ్యక్తి పేరునే ఉండిపోవడం మనం ప్రతి ఊరిలోనూ చూస్తున్నదే.

అలా ఉండిపోకూడదనే స్వామి కాగితాలు రాయించారు. 1900 ఆగస్టులో పారిస్ నుండి శిష్యురాలు నివేదితకు రాసిన లేఖలో, ఈ పనిలో తనకంటూ ఏ అధికారాన్నీ, ఏ పదవినీ ఉంచుకోలేదని, మిషన్ అధ్యక్ష పదవికి కూడా రాజీనామా చేశానని, ఇప్పుడు తాను స్వేచ్ఛాజీవినని తెలిపారు. 1901 జనవరి 30న సన్యాసుల నివాసమైన బేలూరు మఠం ట్రస్టు దస్తావేజు మీద సంతకం చేసి ఆస్తిని ధర్మకర్తలైన సోదర సన్యాసులకు అప్పగించారు. ఆ తరువాతి నెలలో వారు బ్రహ్మానందులను అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. స్వామి దేహత్యాగం 1902 జూలై 4న. అంటే సంస్థ ఆయన లేకుండా నడవగలదో లేదో ఆయన కళ్ళెదుటే తేలింది. బ్రహ్మానందులు 1922లో తనువు చాలించే వరకు, సోదర సన్యాసి శారదానంద స్వామి కార్యదర్శిగా 1927 వరకు బాధ్యతలు మోశారు. 1909లో మిషన్‌ను 1860 నాటి సంఘాల చట్టం కింద రిజిస్టరు చేయించినది కూడా ఈ రెండవ వరుస నాయకత్వమే.

దస్తావేజు అవసరం ఎంతటిదో తెలియడానికి ఒక చిన్న సంగతి. బాలీ మునిసిపాలిటీ వారు మఠాన్ని నరేంద్రనాథ దత్తు (స్వామి పూర్వనామం) సొంత తోట ఇల్లుగా లెక్కగట్టి పన్ను వేయబోతే వ్యవహారం కోర్టుకెక్కింది. సన్యాసి మనసులో ఆస్తి ఎవరిదన్నది మునిసిపాలిటీకి అక్కరలేదు, కాగితం మీద ఎవరిదన్నదే దానికి కావాలి. మీ సంస్థ స్థలం ఎవరి పేరున ఉందో ఉపన్యాసానికి ముందే ఒకసారి చూసుకోవడం మంచిది.

---

విశ్రాంత ఆడిటర్

పై సభ్యులు ఆస్తి సంగతి చెప్పారు కనుక నేను పద్దుల సంగతి మాత్రమే చెబుతాను. స్వామి లేఖలను పద్దుల దృష్టితో చదివేవారు తక్కువ. బ్రహ్మానందులకు రాసిన లేఖలలో వేదాంతం ఎంత ఉందో డబ్బు లెక్కల గురించిన హెచ్చరికలు కూడా ఇంచుమించు అంత ఉన్నాయి. 1897లో ఉత్తర భారత పర్యటనలో ఉండగా రాసిన ఒక లేఖలో, ఒక పని కోసం వచ్చిన చందాను మరుక్షణమే పస్తుండవలసి వచ్చినా మరొక పనికి వాడరాదన్న అర్థం వచ్చేటట్లు ఖండితంగా రాశారు. దానినే ఆయన వ్యాపార నిజాయితీ అన్నారు. కరవు సహాయానికి వచ్చిన సొమ్ముతో మఠం ఖర్చు నడిపి తరువాత సర్దుకుందామనుకోవడం సేవాసంస్థలలో సర్వసాధారణం. నా ఉద్యోగ జీవితంలో నేను ఎక్కువగా అభ్యంతరం రాసినది ఈ సర్దుబాటు మీదనే, అందులోనూ దురాశ కంటే మంచి ఉద్దేశమే ఎక్కువగా కనబడేది.

అయితే ఇదే స్వామి 1898లో కలకత్తాలో ప్లేగు భయం పుట్టినప్పుడు, సహాయానికి డబ్బు ఎక్కడి నుండి వస్తుందని ఒక సోదర సన్యాసి అడిగితే, అవసరమైతే కొత్తగా కొన్న మఠం స్థలాన్నే అమ్మేద్దామన్నారు. ఆ మాట వినడానికి గొప్పగా ఉంటుంది, కానీ మఠం కోసమని దాతలు ఇచ్చిన సొమ్ముతో కొన్న స్థలం అది. పై నియమానికీ దీనికీ పొత్తు కుదరదని నా అభిప్రాయం. డబ్బు సమకూరినందువల్ల అమ్మవలసిన అవసరం రాలేదు. ట్రస్టు దస్తావేజు రాసిన తరువాత అటువంటి నిర్ణయం ఏ ఒక్కరి ఆవేశం మీదా ఆధారపడదు, చివరికి స్వామి ఆవేశం మీద కూడా. దస్తావేజు విలువ అదే.

ఇంకొక విషయం. నేటికీ మఠం, మిషన్ చట్టరీత్యా రెండు వేర్వేరు సంస్థలు, వాటి నిధులు వేరు, లెక్కలు వేరు. మఠం ధర్మకర్తలే మిషన్ పాలకమండలిగా ఉంటారు కనుక మార్గనిర్దేశం ఒకటే. మీ సంస్థలో పాఠశాల పద్దు, వైద్య శిబిరాల పద్దు కలిసి ఉంటే ముందు వాటిని విడదీయండి.

---

ప్రశ్నించేవాడు

ఇప్పటివరకు వచ్చిన సమాధానాలు బాగున్నాయి, కానీ స్వామిని ఆధునిక మేనేజ్‌మెంట్ గురువుగా చూపించే ధోరణితో నాకు పేచీ ఉంది. ఆయన ముక్కోపి. సోదర సన్యాసులు ఆయనను ప్రేమించినంతగా ఆయన కోపానికి భయపడేవారు కూడా. ఆయన తలపెట్టినవన్నీ నిలబడటానికి కారణం బ్రహ్మానందుల ఓర్పు, శారదానందుల నెమ్మది. ఆ ఇద్దరినీ ఎంచుకున్న ఘనత స్వామిదే అంటారా, ఒప్పుకుంటాను.

ఆయన అందరినీ ఒప్పించి ముందుకు సాగారన్నది కూడా సగం నిజం. మిషన్ ఆరంభించిన రోజునే యోగానంద స్వామి, ఇవన్నీ విదేశీ పద్ధతులు కదా, మన గురువుగారు ఇలా చేయమన్నారా అని నిలదీశారు. గురువుగారి భావాలకు హద్దు గీయడానికి నీవెవరవన్న ధోరణిలో స్వామి జవాబిచ్చారు. ఆ జవాబుతో చర్చ ముగియలేదు, తరువాత కూడా సోదరులలో ఆ సందేహం పైకి వస్తూనే ఉండేది. కానీ సందేహించిన యోగానందులనే కలకత్తా కేంద్రానికి ఉపాధ్యక్షులుగా ఉంచారు, అది గమనించదగినది.

నియమాల విషయంలో రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. తెల్లవారుజామున గంట కొట్టగానే అందరూ ధ్యానానికి కూర్చోవాలన్న నియమం వచ్చినప్పుడు, అక్షరం ముక్క రాని అద్భుతానంద స్వామి, గంట కొడితే నా మనసు ధ్యానంలో కూర్చుంటుందా అని మూట కట్టుకుని బయలుదేరారు. ఆ నియమం కొత్తగా చేరినవారి కోసమేనని, నీకు కాదని స్వామి ఆయనను ఆపారు. ఆ తరువాత కొన్నేళ్ళకు, ధ్యానానికి రానివారు ఆ రోజు మఠంలో భోజనం చేయక బయట భిక్ష తెచ్చుకోవాలని నియమం పెట్టి, వయసులో తనకంటే పెద్దవారైన శివానంద స్వామికి కూడా దానిని వర్తింపజేశారు. శివానందులు మారుమాట లేకుండా భిక్షకు వెళ్ళారు. ఒకరికి మినహాయింపు, మరొకరికి శిక్ష. దీనిని ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ సమర్థించదు. మనిషిని బట్టి నియమం అని భక్తులు అంటారు. ఇరవై మంది ఒకే కప్పు కింద బతికే చోట అది చెల్లింది, వందల మంది ఉద్యోగులున్న చోట చెల్లదు.

అన్నట్టు, నియమావళి రాసిన తీరు మాత్రం నాకు నచ్చుతుంది. 1897లో, బేలూరుకు ముందు సన్యాసులు ఉన్న ఆలంబజారు మఠంలో స్వామి నియమాలు చెబుతుంటే ఆయన శిష్యుడు శుద్ధానంద స్వామి రాసుకున్నారు. వద్దు, కూడదు అనే మాటలు లేకుండా చేయవలసినది మాత్రమే చెప్పేలా ప్రతి నియమాన్నీ తిరగరాయమన్నారట. పొగాకు తప్ప మరే మత్తుపదార్థమూ వాడరాదన్న నియమం దగ్గరకు వచ్చేసరికి, దానిని అలా తిప్పితే అందరూ పొగ తాగవలెను అని తేలింది, అందరూ నవ్వుకున్నారు.

---

మైలాపూరు తెలుగువాడు

పై సభ్యుల విమర్శను పూర్తిగా కాదనను, కానీ మనుషులను ఎక్కడ నిలపాలో స్వామికి తెలిసినంతగా తక్కువమందికి తెలుసు. 1897 ఫిబ్రవరిలో మదరాసు భక్తులు ఒక సన్యాసిని పంపమని కోరితే, మీ ఆచారపరులకంటే ఎక్కువ ఆచారవంతుణ్ణి పంపుతానని చెప్పి రామకృష్ణానంద స్వామిని పంపారు. అప్పటిదాకా గురువు అస్థికలకు నిత్యపూజ చేస్తూ మఠం గడప దాటని మనిషి ఆయన. అటువంటివారిని వెయ్యి మైళ్ళ దూరం పంపడం మొండితనంగా కనబడుతుంది. కానీ ఆచారం బలంగా ఉన్న మదరాసులో ఆ పూజానిష్ఠే ఆయనకు గౌరవం తెచ్చింది. దక్షిణాదిలో మఠం పనికి పునాది వేసినది ఆయనే.

అఖండానంద స్వామిది దీనికి భిన్నమైన సంగతి. ముర్షిదాబాదు జిల్లాలో కరవును కళ్ళారా చూసి, ఎవరి ఆదేశమూ లేకుండా మహులా గ్రామంలో ఆయన అన్నదానం మొదలుపెట్టారు. స్వామి అడగకుండా ఎందుకు మొదలుపెట్టావనలేదు, డబ్బును, ఇద్దరు సహాయకులను పంపారు. మిషన్ కరవు సహాయ కార్యక్రమాలకు అదే ఆరంభం.

---

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఉపన్యాసానికి కావలసిన దానికంటే ఎక్కువే దొరికింది. ఒక సందేహం మిగిలింది. మా వ్యవస్థాపకులు పదవి వదిలినా ఆవరణలోనే నివసిస్తారు, వారికి వేరే ఇల్లు లేదు. పక్క గదిలో వారు ఉండగా కొత్త కార్యదర్శి మాట ఎవరు వింటారు? స్వామి కూడా పదవి వదిలాక బేలూరులోనే ఉన్నారు కదా?

---

ఉత్తరాంధ్ర పాఠకుడు

ఉన్నారు, దాదాపు పదిహేడు నెలలు. మధ్యలో తూర్పు బెంగాలు, అస్సాం, బుద్ధగయ, కాశీ యాత్రలు చేసినా ఆయన నివాసం మఠమే. పూర్తిగా మౌనం వహించారని చెప్పలేను, పై సభ్యులు చెప్పిన భిక్ష నియమం ఆ కాలంనాటిదే. మేక, కుక్కలు, బాతులు పెంచుకునేవారు. అవి బ్రహ్మానందుల కూరగాయల మళ్ళలో పడితే ఇద్దరూ సరిహద్దు కోసం చిన్నపిల్లల్లా తగవులాడుకునేవారని సమకాలికులు రాశారు. అయితే చివరి రోజులలో సంస్థ వ్యవహారాలపై తన అభిప్రాయం అడిగితే, మీరే సరి కావచ్చు, నేనిక వీటిలోకి రాలేనని తప్పుకున్నారని నివేదిత రాసింది. తరిఫీదు పొందిన శిష్యుల దగ్గర గురువు ఎప్పుడూ కూర్చుంటే వారు ఎదగరని, అందువల్ల దూరంగా వెళ్ళడం అవసరమని ఆయన అన్నట్లు కూడా ఆమె నమోదు చేసింది.

దీని నుండి మీకు పనికివచ్చేది ఒకటుంది. స్వామి పదవి వదలడానికి ముందే, 1899 జూన్ నుండి 1900 డిసెంబరు వరకు విదేశాలలో ఉన్నారు. ఆ ఏడాదిన్నర బ్రహ్మానందులు మఠాన్ని నడిపారు, కనుక దస్తావేజు రాసేనాటికే అందరికీ ఆయన మాట వినడం అలవాటైంది. మీ వ్యవస్థాపకులు రాజీనామా చేయడానికి ముందు కొన్ని నెలలు పిల్లల దగ్గరో, ఏదైనా ఆశ్రమంలోనో ఉండేలా ఒప్పించండి. ఆ సమయంలో చెక్కుల మీద సంతకం చేసే అధికారాన్ని కార్యవర్గ తీర్మానం ద్వారా ఇద్దరికి ఇవ్వండి, వ్యవస్థాపకులు తిరిగి వచ్చాక దానిని వెనక్కి తీసుకోకండి.