ఫ్రాంక్ జప్పాను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అమెరికన్ స్వరకర్త, గిటారిస్టు ఫ్రాంక్ జప్పా 1993లో కన్నుమూసేనాటికే అరవైకి పైగా ఆల్బమ్‌లు వెలువరించారు. కొత్తగా వినేవారు 1966 నాటి ‘ఫ్రీక్ ఔట్!’ నుంచి వరుసగా రావాలా, లేక ‘హాట్ రాట్స్’తో మొదలుపెట్టాలా?

మొదటి సభ్యుడు: నిస్సందేహంగా ‘హాట్ రాట్స్’తోనే. పదహారు ధ్వనులను విడివిడిగా రికార్డు చేసి కలపగల పదహారు ట్రాకుల యంత్రాలు అప్పుడప్పుడే వస్తున్న 1969లో, వాద్యకారుడు ఇయన్ అండర్‌వుడ్ ఒక్కరే శాక్సఫోన్లు, క్లారినెట్లు, ఫ్లూట్, పియానో ఒకదాని మీద ఒకటిగా వాయించి నింపగా, అందులోని ‘పీచెస్ ఎన్ రెగాలియా’లో పెద్ద వాద్యబృందమే కూర్చున్నట్టు వినిపిస్తుంది. ఆరు రచనల్లో ఒక్కదానిలోనే గానం ఉంది కాబట్టి, ఆనాటి అమెరికా రాజకీయాలు, యాస తెలియకపోయినా మన చెవికి ఇబ్బంది ఉండదు.

రెండవ సభ్యుడు: క్షమించండి, మీరు ఇబ్బంది అంటున్న ఆ మాటల్లోనే ఆయన సంగీతం సగం ఉంది. 1968 నాటి ‘వియ్ ఆర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ద మనీ’లో హిప్పీలనూ పోలీసులనూ ఒకే తీరున ఎండగట్టారు; గుసగుసలు, టేపు ముక్కల కత్తిరింపు, హఠాత్తుగా తెగిపోయే రాగాలు అక్కడ అలంకారాలు కావు, స్వరాలతో సమానంగా కూర్చినవి. చిన్ననాటి నుంచి ఆధునిక స్వరకర్త ఎడ్గార్ వరేజ్‌ను ఆరాధించిన మనిషి చేయగల పని అది. ‘హాట్ రాట్స్’ ఒక్కటే విన్నవారు ఆయనను మంచి గిటారిస్టుగా మాత్రమే లెక్కవేసుకుని ఆగిపోతారు. నేను మూడేళ్లపాటు అలాగే ఆగిపోయాను, ఆ కాలం పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. తన రికార్డులన్నీ ఒకే రచనలోని భాగాలని ఆయనే చెప్పినప్పుడు, మొదటి అధ్యాయాలను వదిలిపెట్టడం ఎలా న్యాయమవుతుంది? ఒక జాగ్రత్త మాత్రం అవసరం: 1980లలో వచ్చిన ‘వియ్ ఆర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ద మనీ’ సీడీలో బేస్, డ్రమ్స్ కొత్తగా వాయించి చేర్చారు, 1995 నాటి ప్రతిలో అసలు మిశ్రమం తిరిగి వచ్చింది, దానినే వెతకండి.

మొదటి సభ్యుడు: ప్రతి గురించి మీరు చెప్పినది విలువైన సలహా, ఒప్పుకుంటాను. వరుస విషయంలో మాత్రం నా పట్టు విడువను. మృదంగం తని ఆవర్తనానికి తాళం వేస్తూ పెరిగినవారికి నేను ఇచ్చే రెండో రికార్డు ‘జప్పా ఇన్ న్యూయార్క్’. అందులోని ‘ద బ్లాక్ పేజ్’ను మొదట టెర్రీ బోజియో డ్రమ్స్ మీద ఒంటరిగా వాయిస్తారు, ఆ లయ మీదనే తరువాత స్వరాలు వచ్చి కూర్చుంటాయి. ఆ చెవి ఏర్పడినవారు 1966కు వెనక్కి వెళ్తే, అక్కడి మాటలను కూడా లయగానే వింటారు.