చుంచెలుక దవడను బట్టి అది ఎక్కడ బతికిందో చెప్పొచ్చా?

ప్రశ్న (తిరుపతి):
అన్నా, నేను ఇక్కడ ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నా. సెమినార్‌కి అంతరించిన చుంచెలుకలు వచ్చాయి. యూరప్ గుహల్లో దొరికేది చూస్తే దవడ ముక్క, నాలుగు పళ్లు. దాంతో అడవిదో, చిత్తడి నేలదో ఎలా తేలుస్తారు? పళ్లు ఎర్రగా ఉంటే తడి నేలదేనని రాసెయ్యమంటున్నాడు ఫ్రెండ్. టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అలా రాసెయ్యకు తమ్ముడూ. పంటి ఎరుపు ఎనామిల్‌లోని ఇనుము వల్ల వస్తుంది. అది వంశాన్ని చెప్తుంది, చోటుని కాదు. బెరెమెండియా అనే అంతరించిన చుంచెలుకవీ ఎర్ర పళ్లే. అయినా అది పచ్చిక మైదానపు జంతువులతోనూ దొరికింది, అడవి జంతువులతోనూ దొరికింది.

ముందు ఆ ఎముక గుహలోకి ఎలా వచ్చిందో చూడు. చాలాసార్లు తెచ్చింది గుడ్లగూబే. అది మింగి, అరగని ఎముకల్ని ఉండలుగా కక్కేస్తుంది. అంటే నీ చేతిలో ఉన్నది గుహ కథ కాదు, గుడ్లగూబ వేటాడిన చుట్టుపక్కల పొలాల, తోపుల కథ. పంటి మొనలు లెన్స్‌లో చూడు: గుడ్లగూబ కడుపులో ఎనామిల్ పెద్దగా పాడవదు, నక్కలాంటిది తింటే బాగా కరిగిపోతుంది.

తర్వాత అదే పొరలో దొరికిన తోడుజంతువులు. కప్పలు, నీటి ఎలుకలు ఎక్కువుంటే నీటి అంచు అనొచ్చు. ఎన్ని జంతువులో లెక్కేసేటప్పుడు ఎడమ దవడలు, కుడి దవడలు విడివిడిగా లెక్కపెట్టి, ఏది ఎక్కువైతే అది తీసుకో. లేకపోతే ఒకే జంతువు రెండుసార్లు వస్తుంది.

ప్రశ్న:
బతికున్న చుట్టాల్ని బట్టి చెప్తే సరిపోదా అన్నా?

జవాబు:
అక్కడే జాగ్రత్త. అసోరిక్యులస్ అనే అంతరించిన చుంచెలుకని తేమ చోట్లదని అంటారు, నీటి చుంచెలుక తెగదే కదా. కానీ ఆ తెగదే, అంతరించిన నెసియోటైటిస్ స్పెయిన్‌కి చెందిన మయోర్కా, మెనోర్కా దీవుల్లో, ఎండాకాలం వాన పెద్దగా పడని సున్నపురాయి నేలల మీద కూడా బతికింది. చుట్టరికం ఒక్కటే చాలదు, పక్కన ఇంకో సాక్ష్యం పెట్టు.

మరో సభ్యురాలు (చిత్తూరు):
మా ఇంటి చుంచెలుకనే తీసుకో నాయనా. వంటింట్లోనూ ఉంటుంది, కాలవలోనూ, చెరుకు తోటలోనూ. రేపెవరికో దాని దవడ దొరికితే ఏం చెప్తారు? ఇంకో మాట, స్లైడ్‌లో ట్రీ ష్రూ ఫోటో పెట్టకు. పేరులో ష్రూ (అంటే చుంచెలుక) ఉన్నా అది చుంచెలుకల కుటుంబంది కాదు, ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ప్రశ్న:
అయ్యో, మొదటి స్లైడే అది! ఇప్పుడే తీసేస్తా మేడమ్.