లిఫ్టు లేకుండా కొండెక్కే స్కీయింగ్: అద్దె సామాను, ముందస్తు తయారీ

ప్రశ్న

నేను డెన్వర్‌లో ఉంటున్నాను. రిసార్టుల్లో నీలం గుర్తు (మధ్యస్థ స్థాయి) వాలుల మీద నిబ్బరంగానే దిగగలను. ఈ శీతాకాలం లిఫ్టు మీద ఆధారపడకుండా, సొంత కాళ్లతో పైకెక్కి దిగే టూరింగ్ స్కీయింగ్ మొదలుపెట్టాలని ఉంది. సామాను కొనేముందు అద్దెకు తీసుకొని చూద్దామనుకుంటున్నాను. నా దగ్గర ఉన్న రిసార్టు బూట్లు సరిపోతాయా? దుకాణంలో ఏమేమి చూసుకోవాలి? మొదటిసారే బెర్తుడ్ పాస్ అనే కనుమకు వెళ్దామని మిత్రులు అంటున్నారు. అది మంచి ఆలోచనేనా?

మొదటి సమాధానం

ఆ బూట్లు సరిపోకపోవచ్చండి. బూటును స్కీకి బిగించే టూరింగ్ బైండింగ్‌లలో ఎక్కువ భాగం పిన్ రకానివి. బూటు ముక్కుకు ఇరుపక్కలా లోహపు గుంటలు ఉంటేనే ఆ పిన్నులు పట్టుకుంటాయి; మామూలు రిసార్టు బూట్లకు ఆ గుంటలు ఉండవు. కాబట్టి స్కీల పొడవు, వెడల్పుల గురించి అతిగా ఆలోచించకుండా, దుకాణంలో ఉన్న సమయంలో ఎక్కువ భాగం బూట్లకే కేటాయించండి. కొండ మీద వేసుకోబోయే మేజోళ్లతోనే బూట్లు తొడుక్కొని, వెనుక ఉన్న నడక మీటను వదిలి, అక్కడే ఒక పావుగంట నడిచి చూడండి. మడమ కాస్త పైకి లేస్తున్నా ఒప్పుకోవద్దు, ఎందుకంటే ఎక్కేటప్పుడు ఆ రాపిడికే బొబ్బలు లేస్తాయి.

బైండింగ్‌లోకి కాలు పెట్టడం కూడా దుకాణంలోనే అలవాటు చేసుకోండి. ఎక్కేటప్పుడు బైండింగ్ ముందుభాగంలోని మీటను పైకి లాగి బిగించాలి; దిగేముందు దానిని నడక స్థితి నుంచి తప్పక తీసేయాలి, లేకపోతే పడినప్పుడు స్కీ ఊడిరాదు. గుంటల్లో మంచు గడ్డకట్టి ఉంటే పిన్ను సరిగా కూర్చోదు కనుక, తొడిగిన ప్రతిసారీ ఆ మంచును గీకి తీయండి.

ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీలైన స్కిన్ల విషయంలో రెండు చూడండి: అడుగంతా కప్పుతూనే ఇరుపక్కలా ఉక్కు అంచులను బయటికి వదిలాయా, జిగురు ఇంకా గట్టిగా పట్టుకుంటోందా. చాలామంది చేతుల్లో నలిగిన అద్దె స్కిన్ల జిగురు, చలికి తోడు కాస్త పొడిమంచు తగిలితే సగం దారిలోనే వదిలేస్తుంది.

రెండవ సమాధానం

ఎక్కడం గురించి నేను చెబుతాను. స్కీని ఎత్తి వేయకూడదు, మంచు మీదే ముందుకు జరపాలి. ఎత్తి వేసేవారు అరగంటకే అలసిపోతారు. పక్కవారితో మాట్లాడగలిగినంత నిదానంగా నడవండి. బయలుదేరేటప్పుడు కాస్త చలి వేసేటంత తక్కువ బట్టలే వేసుకోండి, చెమట పడితే శిఖరం మీద గాలికి వణుకు తప్పదు. నూలు బట్టలు అసలు వద్దు.

మొదటి కొన్నిసార్లు, పైకెక్కడాన్ని అనుమతించే రిసార్టుకే వెళ్లండి. అరాపహో బేసిన్ వంటి చోట్ల ఇందుకు వేరే పాసు, కేటాయించిన దారులు, వేళలు ఉంటాయి. ఈ వేళల నియమం చాలామందికి చాదస్తంగా తోస్తుంది గాని, రాత్రిపూట నిటారు వాలులను చదునుచేసే యంత్రాలు కొన్ని ఉక్కు తాడు కట్టుకొని పనిచేస్తాయి. చీకట్లో కనబడని ఆ తాడు ఒక్కసారిగా బిగుసుకొని లేస్తే మనిషి ప్రాణానికే ప్రమాదం.

మూడవ సమాధానం

బెర్తుడ్ పాస్ సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ ఒకప్పుడు లిఫ్టులతో నడిచిన రిసార్టు ఉండేది, 2000ల తొలి ఏళ్లలో మూతబడింది. చెట్లు కొట్టి చేసిన పాత దారులు ఇప్పటికీ కనబడుతుండటంతో కొత్తవారు దానిని రిసార్టులాగే భద్రమని భావిస్తారు; నిజానికి అది ఇప్పుడు పూర్తిగా అడవి కొండే. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో, మనకు దిగాలనిపించే వాలులూ అవే.

బీకన్ (కూరుకుపోయినవారి జాడ తెలిపే సంకేత పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) మూడూ అద్దెకు దొరుకుతాయి. అయితే మంచు కింద కూరుకుపోయినవారు బతికే అవకాశం తొలి 15 నిమిషాల తరువాత వేగంగా పడిపోతుంది. అంతలో వెతికి తవ్వగల నేర్పు అద్దెకు దొరకదు. మంచు చరియల భద్రతపై మూడు రోజుల తొలి స్థాయి శిక్షణ మీరే కాదు, వెంట వచ్చే మిత్రులు కూడా పూర్తిచేయాలి. వెళ్లేరోజు ఉదయం కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చే మంచు చరియల ప్రమాద అంచనా చదవండి. అయిదు స్థాయులలో మూడవదైన ‘కన్సిడరబుల్’ను మధ్యస్థమని తేలికగా తీసుకోకండి.

బీకన్ అద్దెకు తీసుకుంటే బ్యాటరీ శాతం అక్కడే చూడండి. ఫోనును దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, లేదా ఆపివేయండి.